ఒక్క సంచికలో ముగిసే రహస్యం

పుట్టిన నెల, సంవత్సరం, అచ్చయిన పత్రిక పేరు సహా చెప్పగలిగిన సాహిత్య ప్రక్రియలు చాలా అరుదు. నేరం ఎలా జరిగిందో, ఎవరు చేశారో ఆధారాలనుబట్టి తర్కించి తేల్చే అపరాధ పరిశోధక కథానిక అలాంటి అరుదైన వాటిలో ఒకటి. 1841 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నుంచి వెలువడే గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో ఎడ్గార్ అలన్ పో రాసిన ‘ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్’ అచ్చయినప్పుడు, ఆ తరవాత నూటయాభై ఏళ్ళపాటు వేలాదిమంది రచయితలు వాడుకోబోయే సరంజామా దాదాపు అంతా ఆ ఒక్క కథలోనే సిద్ధమైపోయింది. లోపల గడియ పెట్టి ఉన్న గదిలో హత్య, దాన్ని తేల్చలేక తికమకపడే పోలీసులు, ఉద్యోగరీత్యా కాక కేవలం బుద్ధి పదునుతో చిక్కుముడి విప్పే డ్యూపన్ అనే విలక్షణమైన మనిషి, అతని పక్కనే ఉండి అన్నీ చూస్తూ ఏదీ గ్రహించలేక ఆశ్చర్యపోయే మిత్రుడు: ఇవన్నీ అందులో ఉన్నాయి. పో డ్యూపన్‌తో రాసినవి మూడే కథలు. 1849లో ఆయన మరణించేనాటికి అవి ఒక కొత్త ప్రక్రియకు పునాది అవుతాయని ఎవరూ ఊహించలేదు.

ఈ కథలు ఇన్ని తరాలపాటు చదివించడానికి కారణం హత్యపట్ల మనిషికుండే కుతూహలమేనని సాధారణంగా చెబుతుంటారు గాని, ఆ మాటతో విషయం తేలదు. నేరంమీద కుతూహలం తీర్చే రచనలు అంతకుముందూ ఉన్నాయి. ఉరిశిక్ష పడిన నేరస్థుల జీవితాలను కరపత్రాలుగా అచ్చువేసి లండన్ వీధుల్లో అమ్మేవారు, పారిస్ నేర పరిశోధక విభాగానికి అధిపతిగా పనిచేసిన మాజీ ఖైదీ విదోక్ జ్ఞాపకాలు 1828లోనే వెలువడి బాగా అమ్ముడుపోయాయి. వాటిని ఇవాళ పరిశోధకులు తప్ప ఎవరూ చదవరు. నిలిచిన కథల బలం వాటి నిడివిలోనూ, ఆ నిడివిని నిర్ణయించిన పత్రికా వ్యాపారంలోనూ ఉంది. పో ఈ సంగతి ముందే కనిపెట్టాడు. 1842 మేలో అదే గ్రాహమ్స్ మ్యాగజైన్‌లో నెథానియల్ హాథార్న్ కథలను సమీక్షిస్తూ, ఒకే విడత కూర్చుని చదివి ముగించగలిగిన రచనకే పాఠకుడి మనసుమీద ఏకాగ్రమైన ప్రభావం వేసే శక్తి ఉంటుందనీ, మధ్యలో పుస్తకం మూసి వేరే పనికి లేవవలసివస్తే ఆ ప్రభావం చెదిరిపోతుందనీ ఆయన వాదించాడు. ఈ సూత్రం కథానికలన్నిటికీ వర్తించేదే అయినా, అపరాధ పరిశోధక కథకు ప్రాణావసరం. ఆధారాలన్నీ పాఠకుడి జ్ఞాపకంలో ఒకేసారి నిలిచి ఉంటేనే చివర విప్పిన ముడి ‘అవును, ఇది కళ్ళముందే ఉందిగదా’ అనిపిస్తుంది. మూడు వందల పేజీల కిందట కనిపించిన వస్తువు చివరి అధ్యాయంలో తిరిగొస్తే, దాన్ని గుర్తు తెచ్చుకోవడానికే పాఠకుడు సగం శ్రమ పడవలసి ఉంటుంది.

చిన్న కథలో బుద్ధిచాతుర్యంతో నిజం రాబట్టడం యూరప్, అమెరికాల సొత్తేమీ కాదు. తెలుగునాట పిల్లలకు చెప్పే మర్యాద రామన్న కథల్లో ఒకటి ఇందుకు మంచి ఉదాహరణ. అప్పు తీసుకున్న నెయ్యి తిరిగివ్వలేదని ఒక స్త్రీ ఫిర్యాదు చేస్తే, అసలు తీసుకోనేలేదని రెండో ఆమె బొంకుతుంది. అప్పిచ్చానన్న ఆమెకు పాడి తక్కువ, కాదన్న ఆమెకు పాడి ఎక్కువ కనుక లోకం రెండో ఆమె మాటే నమ్ముతుంది. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోవడానికి చెరొక చెంబు నీళ్ళు ఇప్పిస్తాడు. ఒకామె బురదను ముందు గీకివేసి కొద్ది నీళ్ళతోనే కాళ్ళు శుభ్రం చేసుకుంటుంది, ఇంకొకామెకు చెంబెడు నీళ్ళూ చాలవు. పొదుపు తెలిసిన ఆమె ఇంట్లోనే నెయ్యి మిగులుతుందని తీర్పు వస్తుంది. చిన్న చేతనుబట్టి మనిషి స్వభావాన్నీ, స్వభావాన్నిబట్టి జరిగిన సంగతినీ ఊహించే ఈ పద్ధతి తరవాత లండన్‌లో వచ్చిన పరిశోధక కథల పద్ధతికి చాలా దగ్గరది. అయితే రామన్న న్యాయాధికారి, పరీక్ష పెట్టే అధికారం ఆయన చేతిలో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పరిశోధకుడికి ఆ అధికారం లేదు. అందరూ చూసిన జాడలనే మరింత శ్రద్ధగా చూడడం, చూసినదాన్ని వరసగా పేర్చడం మాత్రమే అతను చేయగలిగింది. తీర్పు చెప్పే పెద్దమనిషి స్థానంలోకి గమనించే సామాన్య పౌరుడు రావడం ఈ ప్రక్రియ తెచ్చిన అసలైన మార్పు.

ఆ మార్పుకు నేల సిద్ధమైంది లండన్‌లో. 1829లో ఏర్పడ్డ మెట్రోపాలిటన్ పోలీసు వ్యవస్థకు నేరాలు జరగకుండా గస్తీ తిరగడమే పని కాగా, జరిగిన నేరాన్ని ఛేదించడానికి ప్రత్యేక విభాగం 1842లోగాని రాలేదు. అందులో మొదట ఉన్నది ఎనిమిదిమందే. 1850లో చార్లెస్ డికెన్స్ తన హౌస్‌హోల్డ్ వర్డ్స్ పత్రికలో వారిని ఘనంగా పరిచయం చేశాడు. కాని 1877లో ఆ విభాగపు అధికారులే జూదగాళ్ళ మోసంలో లంచాలు తిన్నారని న్యాయస్థానంలో తేలడంతో దాన్ని రద్దు చేసి మరుసటి ఏడాది కొత్తగా కట్టుకోవలసివచ్చింది. 1888లో తూర్పు లండన్‌లో వరసగా జరిగిన స్త్రీల హత్యలకు బాధ్యుడెవరో పోలీసులు ఎన్నటికీ కనుక్కోలేకపోయారు. నలభై లక్షలు దాటిన జనాభాలో పక్కింటి మనిషెవరో తెలియని నగరవాసికి, ప్రతి జాడకూ ఒక అర్థం ఉంటుందనీ, ఆ అర్థాన్ని చదవగల మనిషి ఒకడున్నాడనీ చెప్పే కథ ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఈ నేపథ్యంలో అర్థమవుతుంది.

చదివేవారూ అప్పుడే తయారయ్యారు. వార్తాపత్రికలమీద స్టాంపు సుంకం 1855లోనూ, కాగితంమీద సుంకం 1861లోనూ పోయాయి. 1870 విద్యా చట్టంతో ప్రాథమిక పాఠశాలలు విస్తరించి, ఇరవై ఏళ్ళు గడిచేసరికి అక్షరజ్ఞానం గల గుమాస్తాలు, దుకాణాల ఉద్యోగులు, టైపిస్టులు రోజూ శివారు రైళ్ళలో ప్రయాణించే కాలం వచ్చింది. వీరికోసమే జార్జ్ న్యూన్స్ అనే ప్రచురణకర్త 1891 జనవరిలో స్ట్రాండ్ మ్యాగజైన్ ప్రారంభించాడు. తక్కిన మాసపత్రికల్లో చాలావాటి వెల ఒక షిల్లింగు ఉండగా, పుటపుటకూ బొమ్మలుండాలన్న పట్టుదలతో తీసిన ఈ పత్రిక వెల అందులో సగం, అంటే ఆరు పెన్నీలు. మొదటి సంచికే సుమారు 3 లక్షల ప్రతులు అమ్ముడైంది.

ఆర్థర్ కోనన్ డాయిల్ అప్పుడు లండన్‌లో కంటివైద్యుడిగా బోర్డు కట్టి రోగులకోసం ఎదురుచూస్తున్నాడు. షెర్లాక్ హోమ్స్ అనే పాత్రను అంతకుముందే రెండు నవలల్లో పరిచయం చేశాడు; 1887లో వచ్చిన మొదటిదానికి, ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’కు, హక్కులతో సహా ఆయనకు ముట్టింది 25 పౌండ్లు మాత్రమే. ఆ రెండు నవలలూ ఓ మాదిరిగా ఆడాయిగాని జనాన్ని ఊపేయలేదు. మాసపత్రికలను శ్రద్ధగా గమనించిన డాయిల్‌కు ఒక సంగతి తట్టింది, దాన్ని తరవాత తన ఆత్మకథలో వివరించాడు కూడా. ధారావాహికగా వచ్చే నవల, మధ్యలో ఒక సంచిక తప్పిపోయిన పాఠకుడికి పూర్తిగా దూరమైపోతుంది కనుక పత్రికకు మేలుకంటె కీడే ఎక్కువ చేయవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధంలేని విడికథలైతే పాఠకుణ్ణి పత్రికకు కట్టిపడేసేది ఏదీ ఉండదు. కాబట్టి పాత్ర ఒకటే అయి, కథమాత్రం ఏ సంచికకాసంచిక పూర్తయిపోతే రెండు లాభాలూ దక్కుతాయి. 1891 జూలైలో ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’ స్ట్రాండ్‌లో వెలువడింది. వ్యాపార దృష్టితో వేసిన ఈ లెక్క కళకు ఎంత మేలు చేసిందో గ్రహించాలంటే ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ను ఈ కథల పక్కన పెట్టి చూడాలి: అందులో హంతకుడు సగం పుస్తకానికే దొరికిపోయి, తక్కిన భాగం చాలామేరకు అమెరికా ఎడారిలో జరిగిన పూర్వకథతో నిండుతుంది, హోమ్స్ జాడ ఉండదు. ఏడు నుంచి పదివేల ఇంగ్లీషు మాటల్లో ముగిసే కథానికలో అలాంటి కాలక్షేపానికి చోటే లేదు.

రెండేళ్ళకే డాయిల్‌కు ఆ పాత్రమీద విసుగు పుట్టి, 1893 డిసెంబరు సంచికలో హోమ్స్‌ను స్విట్జర్లాండ్ జలపాతంలో పడేశాడు. పాఠకులు ఆగ్రహంతో ఉత్తరాలు కుమ్మరించారు, వేలమంది చందాలు మానుకున్నారు. 1903లో ఆ మనిషిని బతికించక తప్పలేదు. 1927 వరకు సాగిన ఈ వరసలో మొత్తం కథానికలు 56, నవలలు నాలుగు.

వీటిలో పద్ధతి పరాకాష్ఠకు చేరింది 1892 డిసెంబరునాటి ‘సిల్వర్ బ్లేజ్’లో. డార్ట్‌మూర్ మైదానంలోని గుర్రపుశాల నుంచి పందెపు గుర్రం రాత్రికి రాత్రే మాయమవుతుంది. దాని శిక్షకుడు స్ట్రేకర్ బయట పల్లంలో తల పగిలి చచ్చిపడి ఉంటాడు, చేతిలో కంటి శస్త్రచికిత్సకు వాడే సన్నటి కత్తి ఉంటుంది. కాపలా కుర్రాడు తిన్న మాంసం కూరలో ఎవరో నల్లమందు కలిపారు. సాయంత్రం అక్కడ తచ్చాడిన బయటివాణ్ణి పోలీసులు వెంటనే పట్టుకుంటారు. హోమ్స్ తర్కం వంటింటి నుంచి మొదలవుతుంది: నల్లమందు రుచిని కప్పిపుచ్చేది ఘాటైన మసాలా ఒక్కటే, ఆ రాత్రి ఆ ఇంట్లో మసాలా కూరే వండేటట్లు చేయడం బయటివాడికి సాధ్యం కాదు, కాబట్టి మత్తుమందు పెట్టింది వంట ఏమిటో నిర్ణయించగల ఇంటి మనిషి. రెండో ఆధారం కుక్క. శాలలో కుక్క ఉండికూడా, ఎవరో లోపలికి వచ్చి గుర్రాన్ని తోలుకుపోతుంటే మొరగలేదంటే, వచ్చినవాడు దానికి బాగా తెలిసినవాడే. మూడోది ఇంకా చిన్నది: అదే ఆవరణలో ఈమధ్య కొన్ని గొర్రెలు కుంటుతున్నాయి. గుర్రం తొడ స్నాయువును పైకి కనిపించకుండా కోసి కుంటిదాన్ని చేయాలంటే చేయి తిరగాలి, ఆ సాధన గొర్రెలమీద జరిగింది. మూడూ కలిపితే హతుడే దోషి అవుతాడు. పందెంలో తన గుర్రమే ఓడాలని కోరుకున్న శిక్షకుణ్ణి ఆ గుర్రమే బెదిరి తన్ని చంపింది. కూర, కుక్క, గొర్రెలు అన్నీ పాఠకుడి ఎదుటే ఉన్నాయి, ఒక్కటీ దాచలేదు. జరగనిది కూడా ఆధారమే అన్న మెలకువ ఇక్కడ ఎంత సులువుగా అందుతుందో చూస్తే, వంద పేజీల తర్కశాస్త్ర పాఠం చేయలేని పని పదిహేను పుటల కథ చేసిందనిపిస్తుంది.

ఇంత నిజాయితీగా ఆధారాలు పరచడం, హోమ్స్ పక్కనుండి ఈ కథలు చెప్పే మిత్రుడు వాట్సన్ లేకపోతే కుదిరేది కాదు. పో కథలో పేరులేని మిత్రుడిగా మొదలైన ఈ కథకుడు, పరిశోధకుడు చూసే ప్రతి వస్తువునూ తానూ చూసి యథాతథంగా చెబుతాడు, దాని అర్థాన్నిమాత్రం చెప్పలేడు. హోమ్సే కథ చెబితే అర్థాన్ని దాచినందుకు మోసగాడవుతాడు. కథను రచయితే చెబితే అన్నీ తెలిసి కొన్ని మింగినట్టవుతుంది. వాట్సన్ చెబితే ఏ మోసమూ లేకుండానే రహస్యం నిలుస్తుంది.

అలాగని ఈ కథలు వాస్తవ పరీక్షకు నిలుస్తాయని కాదు. గుర్రప్పందాల గురించి తనకేమీ తెలియకుండానే ‘సిల్వర్ బ్లేజ్’ రాశానని డాయిలే తరవాత ఒప్పుకున్నాడు. ఆయనకు అన్నిటికంటె ఇష్టమైన ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’లో కలకత్తాలో వైద్యం చేసి వచ్చిన ఒక దుర్మార్గుడు విషసర్పానికి పళ్ళెంలో పాలు పెట్టి, ఈల వేసి వెనక్కి పిలుస్తుంటాడు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఆచారం ఉన్న తెలుగు పాఠకుడికి ఈ దృశ్యం వింతగా తోచకపోవచ్చుగాని, పాము ఆహారం పాలు కాదు, ఈలకు తిరిగొచ్చే బుద్ధీ దానికి లేదు. ఈ తప్పులు కథను చెడగొట్టలేదు. వాటి వెనక ఉన్న అలవాటును మాత్రం తేలికగా తీసుకోకూడదు: విషం, శాపం, నిధి, పాత పగ ఇంగ్లండులో అడుగుపెట్టాలంటే ఇండియానుంచే రావాలన్నట్టు హోమ్స్ కథల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. నిజానికి ఇండియానుంచి ఇంగ్లండుకు వెళ్ళింది పరిశోధన పద్ధతే. వేలిముద్రలను వర్గీకరించి భద్రపరిచే కార్యాలయం 1897లో కలకత్తాలో నెలకొంది. అక్కడ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఉద్యోగులు తీర్చిన వర్గీకరణ వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో 1901లో స్కాట్లండ్ యార్డ్‌కు చేరింది. 1903 నాటి ‘ది నార్వుడ్ బిల్డర్’ కథలో గోడమీది బొటనవేలి ముద్రే ముఖ్యమైన ఆధారం. ఆ ఇద్దరు బెంగాలీల ప్రస్తావన ఆ కాలపు ఏ కథలోనూ రాకపోవడం చరిత్ర చేసిన అన్యాయాల్లో ఒకటి.

హోమ్స్ తరవాత వచ్చినవారిలో ఎక్కువమంది ఆయన నీడలోనే నడిచారు. ఇద్దరుమాత్రం ఈ ప్రక్రియ ఎందుకు ఆకర్షిస్తుందో తమ కథలతోనే పరీక్షించారు. వైద్యుడైన ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో ‘ది సింగింగ్ బోన్’ సంపుటిలో కథను తలకిందులు చేశాడు. మొదటి భాగంలోనే నేరమంతా పాఠకుడి కళ్ళముందు జరిగిపోతుంది, రెండో భాగంలో డాక్టర్ థార్న్‌డైక్ దాన్ని ఎలా తవ్వి తీస్తాడన్నదే కథ. అందులోని ఆస్కార్ బ్రాడ్‌స్కీ అనే వజ్రాల వ్యాపారి కథలో, శవాన్ని రైలు పట్టాలమీద పెట్టి ప్రమాదంగా చూపిన హంతకుడు హతుడి టోపీని ఇంట్లోనే మరిచిపోతాడు. పగిలిన కళ్ళజోడు గాజుముక్కల్లో కళ్ళజోడుకు చెందని గాజు కూడా కలిసి ఉండడం థార్న్‌డైక్ సూక్ష్మదర్శినిలో చూస్తాడు. హంతకుడెవరో ముందే తెలిసినా ఉత్కంఠ పిసరంత తగ్గదు. ముగింపు తెలిసిన హోమ్స్ కథను ఐదోసారీ ఆరోసారీ చదివేవారి ఆనందానికి ఇంతకంటె గట్టి వివరణ దొరకదు: వారు ఎదురుచూసేది జవాబుకోసం కాదు, జవాబువైపు బుద్ధి అడుగులు వేసే తీరును మళ్ళీ చూడడంకోసం. రెండోవాడు జి. కె. చెస్టర్టన్. 1911లో పుస్తకరూపం పొందిన ఆయన ఫాదర్ బ్రౌన్ కథల్లో పరిశోధకుడు ఒక పొట్టి కేథలిక్ మతాచార్యుడు. పాపాలు ఒప్పుకునేవారి మాటలు విని విని మనిషి లోపలి చీకటి అతనికి తెలుసు. ‘ది ఇన్విజిబుల్ మాన్’ అనే కథలో ఇంట్లోకి ఎవరూ వెళ్ళలేదని కాపలావాళ్ళందరూ ప్రమాణం చేసి చెబుతారు, ఎందుకంటే లోపలికి వెళ్ళి వచ్చినవాడు తపాలా బంట్రోతు. అతను వారి దృష్టిలో మనిషిగా లెక్కకు రాడు. వర్గభేదం మనిషిని ఎలా కనుమరుగు చేస్తుందో ఇంత పొందికగా చెప్పిన సామాజిక కథలు కూడా తక్కువే.

మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఈ ప్రక్రియ నవలవైపు మళ్ళింది. పాఠకుణ్ణి మోసగించకూడదంటూ రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు ప్రకటించాడు, మరుసటి ఏడాది లండన్ రచయితలు చెస్టర్టన్ అధ్యక్షుడిగా డిటెక్షన్ క్లబ్ స్థాపించుకున్నారు. ఆగథా క్రిస్టీ కీర్తి నవలలదే అయినా, ఆమె మిస్ మార్పుల్ పాత్ర మొదట కనిపించింది 1927 డిసెంబరులో ఒక కథానికలోనే: మంగళవారం రాత్రుల్లో కొందరు కూడి, ఒక్కొక్కరు తమకు తెలిసిన రహస్యం చెప్పగా తక్కినవారు జవాబు ఊహించే ఆట అది. అల్లిక చేసుకుంటూ మూల కూర్చున్న ముసలావిడ ప్రతిసారీ గెలుస్తుంది.

భారతీయ భాషల్లో ఈ కథ మొదట వేళ్ళూనింది బెంగాలీలో. పోలీసు అధికారి ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ తన ఉద్యోగానుభవాలతో 1892లో ‘దారోగార్ దప్తర్’ ప్రారంభించాడు. 1932లో శరదిందు బందోపాధ్యాయ్ సృష్టించిన బ్యోమకేశ్ తనను డిటెక్టివ్ అని కాక సత్యాన్వేషి అని చెప్పుకున్నాడు. 1965లో సత్యజిత్ రాయ్ పిల్లల పత్రిక సందేశ్‌లో ఫెలూదా అనే పరిశోధకుడు వచ్చాడు. తెలుగులో పరిస్థితి వేరు. కొమ్మూరి సాంబశివరావు చేతిలో డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు జంటగా అడుగుపెట్టినప్పుడు వారికి దొరికిన ఇల్లు జేబు సైజు నవల, అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాల బల్ల. టెంపోరావు మొదలుకొని అపరాధ పరిశోధన రాసినవారిలో ఎక్కువమంది ఆ దారే పట్టారు. తెలుగు వారపత్రికలు బతికింది ధారావాహికలమీద. ఉత్కంఠభరితమైన చోట ఆపి వచ్చే వారందాకా పాఠకుణ్ణి ఆగబట్టే పద్ధతి, 1891లో డాయిల్ వద్దనుకున్నదే, ఇక్కడ జయించింది. యుగంధర్ ఇన్ని లక్షలమందికి ప్రియమైనవాడైనా, పదిహేను పుటల్లో ముగిసే యుగంధర్ కథల సంపుటి ఏదీ హోమ్స్ సంపుటిలాగా ఇంటింటా నిలవకపోవడానికి రచయితల శక్తికంటె పత్రికల, ప్రచురణకర్తల అవసరాలే పెద్ద కారణం అనుకోవాలి.

ఒక్క సంచికలో ముగిసే చిక్కుకథను తెలుగు పాఠకులకు ఏళ్ళ తరబడి అందించింది డిటెక్టివ్ పత్రికలు కావు, 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ. అందులోని బేతాళ కథకు డాయిల్ కనిపెట్టిన లక్షణాలన్నీ ఉన్నాయి: మారని రెండు పాత్రలు, నెలనెలా మారే కథ, ప్రశ్నకు ముందే పాఠకుడి చేతికి అందిన వివరాలు, చివర విక్రమార్కుడి జవాబు. తేడా ఒక్కటే. హోమ్స్ చెప్పేది ఏం జరిగిందో. విక్రమార్కుడు చెప్పేది జరిగినదానిలో ఎవరిది న్యాయమో. చందమామ మూడో ఏడు నడుస్తుండగా, 1950 మార్చి సంచికతో లండన్‌లో స్ట్రాండ్ మ్యాగజైన్ మూతపడింది.